బురదకు అందని పాదం

గట్టి వాన పడితే ఢిల్లీ మింటో బ్రిడ్జి కింద నీళ్లు నిలవడం మనకు తెలిసిందే. తారు రోడ్లు లేని రోజుల్లో ఇలాంటి తడి నేల మీద ఉత్తరాదివాళ్లకు ఖడావులు అక్కరకొచ్చేవి. అవి మన పాంకోళ్లే. అడుగున ముందొకటి, వెనకొకటి కొయ్య దిమ్మలు పాదాన్ని పైకెత్తి ఉంచేవి. బొటనవేలి పక్కన చిన్న గుబ్బ, అంతే పట్టు! తోలు లేదు గనక మడికీ పనికొచ్చాయి.

యూరప్‌లోనైతే తోలు బూట్ల మీదే కొయ్య పాటెన్లు తొడిగేవారు. చిత్రకారుడు వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నొల్ఫీనీ దంపతుల చిత్రంలో, ఎడమ వైపు కింది మూలన, విప్పి పడేసిన జత ఉంది. ఎంత చక్కగా చూసి వేశాడో! తర్వాత వాటి అడుగున ఇనుప కడియాలు వచ్చాయి. రాతి పలకల మీద ఒకటే మోత. ఇంగ్లండులో కొన్ని చర్చిలు వాటిని గుమ్మం దగ్గరే విప్పమని బోర్డులు పెట్టాయి.