వీలునామాలోని విల్లు



ఆస్తి తమ పిమ్మట నెవరికిఁ జెందవలయునో పెద్దలు వ్రాసి యుంచు పత్రమును మనము వీలునామా యందుము. అనుకూలమను నర్థము గల మన "వీలు" శబ్దమే యిందుఁ గలదని పలువురు తలఁతురు. అది సరికాదు. ఇందలి మొదటి భాగము విల్లను నాంగ్లపదము. ఇది ధనుస్సు కాదు సుమా! రెండవదగు "నామా" పత్రమను నర్థము గల పారసీక పదము. కరారునామా, రాజీనామాలయందున్నదియు నిదియే.

ప్రాచీనాంగ్లమున నీ పదమునకుఁ గోరిక యని యర్థము. వరము, స్వయంవరము అను మాటలకు మూలమైన సంస్కృతపు "వృ" ధాతువును, ఈ యాంగ్లపదమును భాషాశాస్త్రజ్ఞు లొకే మూలమునకుఁ జేర్తురు. "పోఁగోరుచున్నాను" అనుట క్రమముగా "పోయెదను" అనుటగా మాఱి, యీ పదమే యాంగ్లమున భవిష్యత్కాలమును దెలుపఁజొచ్చెను. మనుష్యుని కడపటి కోరికను దెలుపు పత్రమునకును నిదియే పేరయ్యెను.

కోరికకును, పత్రమునకును నడుమ నెంత దూరము గలదో నేను బడిపంతులుగా నున్న యూర నొకమాఱు చూచితిని. ఒక పెద్దమనిషి, తనకు 15 ఏండ్లు వండి పెట్టిన వితంతువగు చెల్లెలికి, ఎకరము పొలమిచ్చెదనని పదుగురి యెదుటఁ బలుమాఱు పలికెను, వ్రాయలేదు. ఆయన పోయిన పిదపఁ గుమారులు పొలము పంచుకొనిరి. ఆమెకు మిగిలినది "ఇచ్చెదను" అను మాట యొక్కటియే.

1925 నాఁటి వారసత్వ చట్టము ననుసరించి హిందువుల వీలునామాపై వ్రాయించువాని సంతకముగాని, వ్రేలిముద్రగాని యుండవలయును. అది చూచిన యిద్దఱు సాక్షులు తామును సంతకము చేయవలయును. రిజిస్ట్రీ మేలే కాని తప్పనిసరి కాదు. బ్రతికి యుండఁగా దానిని మార్చుకొనవచ్చును, రద్దు చేయవచ్చును. మోసముచేతఁ గాని, బలాత్కారముచేతఁ గాని వ్రాయించినది చెల్లదు. పదమున కర్థమే కోరిక గదా! కోరిక లేని చోట విల్లెట్లగును?

కాఁబట్టి పెద్దలారా, ఇవ్వఁదలఁచినది బుద్ధి నిలుకడగా నున్నపుడే వ్రాయించుఁడు. ఎవరైనఁ దొందరపెట్టి కాగితము ముందుంచినచో, దానిని మీ వైపు మొగ్గని మఱియొకనిచే బిగ్గరగాఁ జదివించుకొనుఁడు. అందున్నది మీ కోరికయే యని తేలిన పిమ్మటనే వ్రేలు సిరాలో ముంచుఁడు.