పాత టార్చికి క్రొత్త దీపము

పెద్దలనాటి రెండు సెల్లుల ఇత్తడి టార్చి అటకమీద పడియుండుట మన యిండ్లలో అరుదు కాదు. గొట్టము చెక్కుచెదరలేదు, మీట పనిచేయును. తగిన బల్బు మాత్రము సులభముగ దొరకదు. ఆ బల్బు చోట ఎల్.ఇ.డి. దీపమును నిలుపు భాగమును రూపొందించు విధము నేడు ముచ్చటింతుము.

ఒకటి తీసి వేరొకటి పెట్టుటయే కదా యని తోచును. కాని పాత బల్బు సామాన్యమైనది కాదు. 2.38 వోల్టుల ఆ బల్బు మెడచుట్టు 13.5 మిల్లీమీటర్ల వెడల్పుగల లోహపు అంచు ఉండును. అది అలంకారము కాదు. ఆ అంచునుండి తీగకు గల దూరము నిర్ణీతము. ఎన్ని బల్బులు మార్చినను తీగ అద్దపుగిన్నె నాభియందే నిలుచును. మన భాగమునకును అదే అంచు, అదే కొలత ఉండవలెను.

తీగ నలుదెసల వెలుగు చిమ్మును, ఎల్.ఇ.డి. ఎదుటి దిక్కునకే చిమ్మును. నాభినుండి ఒక్క మిల్లీమీటరు తప్పినను గోడపై వెలుగు నడుమ నల్లని మచ్చ పడవచ్చును. కనుక ఎత్తును లెక్కకే వదలక, పలుచని వాషర్లు చేర్చుచు, ఐదు మీటర్ల దూరపు గోడపై చూచి నిర్ణయించుట మేలు.

ఇక విద్యుత్తు. తెల్లని ఎల్.ఇ.డి.కి ఇంచుమించు 3 వోల్టులు కావలెను. రెండు క్రొత్త సెల్లులు అంతమాత్రమే యిచ్చును. వాడినకొలది 2 వోల్టులకు దిగును. అందుచే వోల్టేజిని పెంచు చిన్న సర్క్యూటు అవసరము. అందలి తీగచుట్టలో కరెంటును సెకనుకు వేలసార్లు పారించి తెంపుదురు. తెంపినప్పుడెల్ల చుట్టలో నిలిచిన శక్తి సెల్లుల వోల్టేజికి తోడగును. ఈ సర్క్యూటు కరెంటును అదుపుచేయునదియు కావలెను. బల్బుతీగ వేడెక్కినకొలది తానే కరెంటును అడ్డుకొనును. ఎల్.ఇ.డి.కి ఆ బుద్ధి లేదు! వోల్టేజి కొంచెము పెరిగినంతనే కరెంటు ఎగబ్రాకును. సెల్లులు తలక్రిందులైనను తీగ వెలుగును, ఎల్.ఇ.డి. వెలుగదు, రక్షణ లేనిచో సర్క్యూటు కాలిపోవచ్చును.

వేడి సంగతి యెక్కువమంది మరతురు. తీగ తన వేడిని కిరణరూపమున వెలికి పంపును. ఎల్.ఇ.డి. వేడి వెనుకనున్న లోహముగుండ పోవలెను. భాగమును లేతుపై రాగితోగాని అల్యూమినియముతోగాని తీయించి, ఇత్తడి గొట్టమునకు గట్టిగా తగులునట్లు చేసిన వేడి చేతివరకు ప్రాకి చల్లారును. ప్లాస్టిక్ గొట్టపు టార్చిలో ఆ దారి లేదు. అందు తక్కువ కరెంటుతో తృప్తిపడవలెను. వెలుగుపై అత్యాశకు పోయి దీపపు ఆయుస్సును తగ్గించుట మాకు సమ్మతము కాదు. పాత బల్బు వాట్టుకు సుమారు 10 ల్యూమెన్ల వెలుగిచ్చెడిది. నేటి మంచి ఎల్.ఇ.డి. వందకు మించి యిచ్చును. అత్యాశ యెందులకు?

ఒక్క విషయమున మాత్రము పాత బల్బే మేలు. సెల్లులు నీరసించినప్పుడు అది ఎఱ్ఱబడి ముందుగ హెచ్చరించెడిది. అదుపుగల సర్క్యూటు చివరివరకు నిండుగ వెలిగించి హఠాత్తుగ ఆర్పివేయవచ్చును. చీకటిలో చేనిగట్టున నడచువానికి, పాము తిరుగు చోట, అట్టి చీకటి ప్రాణాంతకము కావచ్చును. కావున సెల్లుల వోల్టేజి జంటకు 2 వోల్టులకు దిగినంతనే కరెంటును పదవవంతుకు తగ్గించు ఏర్పాటును సర్క్యూటులో చేర్పవలెనని మా కోరిక. ఆ కొద్ది వెలుగులో బాట కనబడును. ఇల్లు చేరుటకు వ్యవధి చిక్కును.