తీర్మానం చేసిందెవరు? చెత్త ఎత్తేదెవరు?

(సనత్‌నగర్ బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తెల్లవారకముందే లేచి రోడ్లూడ్చి, హాజరు పెట్టించుకుని, ఇంటికి పోయి వంట చేసి, మళ్లీ ఈ సభకు వచ్చిన అక్కలు ఇక్కడ వున్నారు. ముందు కుర్చీల్లో కూచోమంటే ఎంతకీ కూచోలేదు. గోడవారన నిలబడి "మాకు గీడ మంచిగుంది సారూ" అన్నారు. ఎట్లాగో బతిమాలి కూచోబెట్టాం. ఇయ్యాల మాట్లాడేది వాళ్ల పని గురించే. వాళ్లు వెనక నిలబడితే మేం ఎవరికి చెప్పినట్టు?

మేం అడగదలచుకున్నది ఒక్కటే ప్రశ్న. ఇంటింటి చెత్తను ఏ బండి మీద ఎత్తాలి, ఎవరితో ఎత్తించాలి, ఎత్తినవాళ్లకు ఎవరు ఎంత ఇవ్వాలి - ఇదంతా ఎవరు నిర్ణయిస్తున్నారు? ఎప్పుడు నిర్ణయిస్తున్నారు? చెత్త అనగానే పెద్దమనుషులందరూ దోమల గురించి, రోగాల గురించి, శుభ్రత గురించి మాట్లాడతారు. చీపురు పట్టుకుని ఫోటోలు కూడా దిగుతారు. నిర్ణయం గురించి మాత్రం ఎవ్వరూ మాట్లాడరు.

రాజ్యాంగానికి చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పారిశుధ్యం, ఘనవ్యర్థాల నిర్వహణ మునిసిపాలిటీల పని అని పన్నెండో షెడ్యూలులో రాసి వుంది. అంటే ఓట్లతో గెలిచిన కౌన్సిల్ కూచుని, చర్చ చేసి, తీర్మానించాలి. ఆ కౌన్సిల్లో మనకు రిజర్వుడు సీట్లున్నాయి, ఆడవాళ్లకు సీట్లున్నాయి. కాగితం మీద అంతా బాగుంది. ఇప్పుడు హైదరాబాదులో ఏం జరిగిందో చూడండి.

2007 ఏప్రిల్‌లో పాత కార్పొరేషన్‌కు చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ చేశారు. దానికి మొదటి ఎన్నికలు 2009 నవంబరులో జరిగాయి. మధ్యలో రెండున్నరేళ్లు కౌన్సిల్ లేదు, స్పెషల్ ఆఫీసర్ పాలన. ఆ ఖాళీ కాలంలోనే, 2009 ఫిబ్రవరిలో, నగరం చెత్తను రాంకీ కంపెనీకి అప్పజెబుతూ ఒప్పందం రాసుకున్నారు. ఎన్నేళ్లకు? 25 ఏళ్లకు! ఒక్క కార్పొరేటర్ కూడా చెయ్యెత్తని ఒప్పందం అయిదు కౌన్సిళ్ల వయసంత కాలానికి. మన పిల్లలు పెద్దవాళ్లై ఓటు వేసినా ఆ కాగితం మారదు. జవహర్‌నగర్ డంపింగు యార్డు చుట్టూ వున్న జనం వాసన భరించలేక, బోరు నీళ్లు చెడిపోయి ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. వాళ్లనూ ఎవరూ అడగలేదు.

రెండోసారి చూడండి. 2014 డిసెంబరులో ఆ కౌన్సిల్ గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో. మళ్లీ స్పెషల్ ఆఫీసర్. ఆ ఖాళీలో ఎన్ని జరిగాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. 2015 మే నెలలో స్వచ్ఛ హైదరాబాద్ అన్నారు. జూలైలో కార్మికులు సమ్మె చేశారు. జీతం 8,500 నుంచి 12,500 చేస్తూ ప్రభుత్వం ప్రకటించింది, ఆ గెలుపు మన అక్కలదే. కానీ అదే వూపులో సమ్మె వదలని వాళ్లను వందల మందిని పనిలోంచి తీసేశారు. నవంబరులో స్వచ్ఛ ఆటోలు దింపారు. ఇంటింటికీ తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి రెండు డబ్బాలు పంచారు. వీధుల్లో కుండీలు తీసేస్తూ వచ్చారు. నగరం చెత్త ఎత్తే పద్ధతి మొత్తం మారింది. మారేటప్పుడు మనం ఓటేసిన మనిషి ఒక్కడు కూడా ఆ కుర్చీలో లేడు.

ఇది కుట్ర అని మేం అనడం లేదు. కౌన్సిల్ లేనప్పుడు ఆఫీసర్లకు పని సులువు, అంతే. అడ్డం తిరిగి అడిగేవాడుండడు.

ఇప్పుడు ఆ ఆటో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే రోజూ సనత్‌నగర్ గల్లీల్లోకి, బోరబండ వైపు, ఎర్రగడ్డ వైపు వచ్చేది అదే. ఆ పథకానికి పెట్టిన పేరు 'ఓనర్ కమ్ డ్రైవర్'. వినడానికి ఎంత గొప్పగా వుంది! మన పిల్లగాడు ఓనర్ అయిండు! బండి అప్పు మీద ఇస్తారు, నెల నెలా కిస్తీ కట్టాలి. కార్పొరేషన్ అతనికి జీతం ఇవ్వదు. ఇంటికి నెలకు 50 రూపాయలు అని పెట్టారు, అవి అతనే గడపగడపకూ తిరిగి అడుక్కోవాలి. చెత్తలో దొరికిన అట్టలు, సీసాలు, ప్లాస్టిక్ అమ్ముకోవాలి. డీజిల్ అతనిదే, రిపేరు అతనిదే. ఒక్కడితో అయ్యే పని కాదు గనుక భార్య వెనక నిలబడి చేతులతో చెత్త వేరు చేస్తుంది. ఆ తల్లికి ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. ఓనర్‌కు పి.ఎఫ్. వుంటుందా? ఇ.ఎస్.ఐ. వుంటుందా? సెలవుంటుందా? గాజుపెంకు కోసుకుంటే ఎవరు చూడాలి? అతను ఓనర్ గదా, అతనే చూసుకోవాలి. పని కులం చేసేదే, పేరు మాత్రం వ్యాపారం!

ఇంకోటి. 50 రూపాయల మీద బతికే బండి ఎక్కడికి పోతుంది? డబ్బులు రాలే చోటికి పోతుంది. అపార్టుమెంటు ముందు ఆగితే ఇరవై ఇండ్ల చెత్త ఒక్కచోట, డబ్బులూ ఒక్కచోట. బస్తీలో గల్లీ ఇరుకు, బండి తిరగదు, కొందరు నెల డబ్బులు ఇవ్వలేరు. అందుకని రెండు రోజులు వస్తుంది, మూడు రోజులు రాదు. కుండీ కూడా లేకపాయె. జనం మూలమలుపులో పోస్తారు. అప్పుడు సారు వచ్చి "బస్తీవాళ్లకు శుభ్రత తెలియదు" అని ఉపన్యాసం ఇస్తాడు. డ్రైవర్ తమ్ముణ్ని మేం తప్పు పట్టడం లేదు, అతనూ మనోడే. అతని కిస్తీని బస్తీ చెత్తతో ముడేసిన కాగితాన్ని తప్పు పడుతున్నాం. 2016లో కేంద్రం చేసిన ఘనవ్యర్థాల నియమాల్లో, మురికివాడలతో సహా ఇంటింటికీ పోయి చెత్త తీసుకోవడం స్థానిక సంస్థ బాధ్యత అని స్పష్టంగా రాశారు. చెత్త ఏరుకుని బతికేవాళ్లను గుర్తించి ఈ పనిలో కలుపుకోవాలని కూడా రాశారు. (మనం వుండే చోటును మురికివాడ అంటారు. నగరం మురికి అంతా తీసే మనుషులు వుండే చోటు అని ఆ మాటకు అర్థమైతే మాకు అభ్యంతరం లేదు!)

రోడ్లూడ్చే అక్కల లెక్క వేరే. ఒక బస్తీలో మేం చూశాం. తల్లి పర్మినెంటు కామాటీగా చేసి రిటైరై పింఛను తీసుకుంటున్నది. కూతురు అదే రోడ్డు మీద, అదే చీపురుతో, అవుట్‌సోర్సింగులో చేస్తున్నది. రోడ్డు మారలేదు, కులం మారలేదు, మారింది కాగితం ఒక్కటే. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక వుద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ఈ చీపురు దాకా ఇంకా రాలేదు.

ఈ కాగితం ఎట్లా తయారవుతుందో ఒకసారి తెలుసుకోవాలి. ఆరోగ్య, పారిశుధ్య విభాగం వాళ్లు లెక్కేస్తారు. రోజుకు ఇన్ని టన్నులు, ఇన్ని కిలోమీటర్ల రోడ్డు, ఇన్ని ఇండ్లు, ఇంతమంది మనుషులు. కమిషనర్ బల్ల మీదికి పోతుంది, అక్కడినుంచి స్టాండింగ్ కమిటీకి, పెద్దదైతే సర్కారుకు. తర్వాత టెండరు. టెండరులో తక్కువ పాట పాడినవాడిది పని. ఇక్కడ మీరు బాగా ఆలోచించాలి. తక్కువకు ఎట్లా పాడతాడు? డీజిల్ బంకు వాడు అతనికి తగ్గించి పోయడు. టైరు ధర తగ్గదు. లారీ ధర తగ్గదు. తగ్గేది మనిషి ఒక్కడే. ఇరవై మంది పేర్లు రాసి పన్నెండు మందితో చేయిస్తాడు. పి.ఎఫ్. కోస్తాడు, కట్టడు. గ్లౌజులు లెక్కలో వుంటాయి, చేతికి వుండవు. కాంట్రాక్టరు చెడ్డవాడై ఇట్లా చేస్తున్నాడని కొందరనుకుంటారు. మంచివాడు పాడితే ఆ టెండరు అతనికి రాదు. ఇక టన్నుకు ఇంత అని డబ్బులిచ్చే పద్ధతి పెట్టారనుకోండి, తడిసిన చెత్త బరువెక్కువ, మట్టి బరువెక్కువ. వేరు చెయ్యమని మనకు పాఠం చెబుతారు, కలిపి తూచిన వాడికి బిల్లు ఇస్తారు.

ఆ ఒప్పందం కాపీ ఒకటి ఇయ్యండని మేం ఒక ఆఫీసుకు పోయాం. "మీకెందుకండీ అవన్నీ, పిల్లలకు పాఠాలు చెప్పుకోక" అన్నాడొకాయన. పాఠమే గదా చెబుతున్నాం ఇప్పుడు.

కౌన్సిల్ వుంటే చాలు, అన్నీ సక్రమంగా జరుగుతాయని కూడా అనుకోవద్దు. చెన్నైలో ఎన్నికైన కౌన్సిల్ వుండగానే రెండు మండలాల పారిశుధ్యాన్ని ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2025 ఆగస్టులో కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లు, రిప్పన్ భవనం ముందు పదమూడు రోజులు కూచున్నారు. అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. చెన్నైలో ఈ పని చేసేవాళ్లలో తరతరాలుగా మన తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా వున్నాయి. బెంగుళూరులో కూడా అంతే, రాయలసీమ నుంచి పోయిన మాదిగలు. అక్కడ కొట్లాడీ కొట్లాడీ 2018లో వూడ్చేవాళ్లకు కాంట్రాక్టరును తీసేయించి, నగరపాలక సంస్థే నేరుగా జీతం వేసేటట్టు చేసుకున్నారు. 2025 మే డే నాడు పన్నెండు వేల మందికి పైగా పర్మినెంటు నియామక పత్రాలు తీసుకున్నారు. సాధ్యం కాదని చెప్పేవాళ్లకు ఈ సంగతి చెప్పండి. అయితే ఇదీ చెప్పాలి: 2018లో ఇంటింటి చెత్త ఎత్తే బండ్ల డ్రైవర్లు, లోడర్లు ఆ వరసలోకి రాలేదు. బండి వేరు, చీపురు వేరు అని మనల్ని విడగొడతారు. ఆ పొరపాటు మనం చెయ్యొద్దు.

బాబాసాహెబ్ తన రాతల్లో ఒక చట్టాన్ని ఎత్తి చూపారు, 1916 నాటి సంయుక్త రాష్ట్రాల మునిసిపాలిటీల చట్టం. నోటీసు ఇవ్వకుండా పనికి రాని పాకీ మనిషికి రెండు నెలల దాకా జైలు. ఇంకే వుద్యోగికైనా పనికి రాకపోతే జీతం కోస్తారు, మనవాళ్లకు మాత్రం జైలు! ఇప్పుడు జైలు అనరు. "రేపటి నుంచి రాకు" అంటారు.

వూళ్ల నుంచి వచ్చిన మిత్రులు ఇది పట్నం గొడవ అనుకోవద్దు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మీ వూళ్లకూ ట్రాక్టరు వచ్చింది, డంపింగు యార్డు వచ్చింది. సఫాయి మనిషికి 'మల్టీపర్పస్' అని పేరు పెట్టారు. అంటే చెత్త ఎత్తాలి, మోరీ తీయాలి, మొక్కలకు నీళ్లు పోయాలి, కరెంటు స్తంభం కూడా ఎక్కాలి. 8,500 జీతం, తర్వాత ఒక వెయ్యి పెంచారు. 2023 జూలైలో పంచాయతీ కార్మికులు నెల రోజులకు పైగా సమ్మె చేశారు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేక అక్కడా స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. వాళ్లలో మనవాళ్లు చాలామంది వున్నారు. మన సర్పంచే మన కార్మికుడికి జీతం ఎగ్గొడితే వూరుకుంటామా? ఆంధ్రాలో 2021లో ఇంటింటికీ చెత్త పన్ను వేశారు. జనం తిట్టారు, కట్టలేదు, ఎదురు తిరిగారు. 2024 నవంబరులో శాసనసభలో దాన్ని రద్దు చెయ్యాల్సి వచ్చింది. పన్ను కట్టేవాళ్లు అరిస్తే మూడేళ్లలో చట్టం మారింది. చెత్త ఎత్తేవాళ్లు వందేళ్ల నుంచి అరుస్తున్నారు.

కాబట్టి అయిపోయిన తర్వాత ధర్నాకు పోవడం కాదు, కాగితం రాసేటప్పుడే పోవాలి. ఎంతమంది మనుషులు, ఎంత జీతం, ఏ గల్లీకి ఏ బండి అన్నది టెండరుకు ముందే వార్డు కమిటీలో, వూళ్లో అయితే గ్రామసభలో, చదివి వినిపించమని అడగాలి. చదివేటప్పుడు చీపురు పట్టే మనిషి, బండి నడిపే మనిషి అక్కడ కుర్చీలో వుండాలి. ఆటో రాని గల్లీకి తోపుడు బండి, దాన్ని తోసే మనిషికి కార్పొరేషన్ జీతం అని రాయించాలి. నెలకు 50 వసూలు చేసే పని డ్రైవర్ నెత్తి మీదనుంచి తీసేయాలి.

ఇవాల్టికి ఒక్క పని చేద్దాం. సమాచార హక్కు చట్టం 2005 నుంచి వుంది. దరఖాస్తుకు పది రూపాయలు, తెల్లకార్డు వుంటే అదీ అక్కర్లేదు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. మన సర్కిల్లో ఎన్ని ఆటోలు, ఏ గల్లీకి ఏ బండి, అవుట్‌సోర్సింగు ఒప్పందం కాపీ, పి.ఎఫ్. కట్టిన చలాన్లు - ఈ నాలుగూ అడుగుతున్నాం. తలుపు పక్కన బల్ల మీద కాగితాలు పెట్టాం. మా బడిలో పదో తరగతి చదివే పిల్లలు రాసి పెడతారు, వాళ్లలో ముగ్గురు ఈ అక్కల పిల్లలే. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. జై భీమ్.