యోబు స్నేహితులు నోరు విప్పక ముందు



శ్రమలు ఎందుకొస్తాయన్న ప్రశ్న జోలికి ఈ పూట పోను. శ్రమలో ఉన్నవాళ్ల గడప తొక్కే మనం అక్కడ ఎలా మసలుకోవాలన్నదే నా విషయం.

మన ఊళ్లలో ఒకరు ప్రభువునందు నిద్రించాక ఆదరణ కూడిక పెడతాం. షామియానా కింద, పట్టా మీద ఆ ఇల్లాలు పిల్లల్ని దగ్గరికి తీసుకుని కూర్చుని ఉంటుంది. మైకు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారుతుంది. ఏడవొద్దమ్మా, ఆయన మంచి చోటే ఉన్నాడంటారు ఒకరు. దేవుడేం చేసినా మన మేలుకే అంటారు మరొకరు. ఆ మాటలు అబద్ధమని నేననను. కానీ ఆవిడ పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టిందా అని అడిగేవాళ్లు కనబడరు. మంచం పట్టినవాళ్ల దగ్గరికెళ్లి, మీ విశ్వాసంలోనే ఎక్కడో లోపముంది, ఒప్పుకోండి అనేవాళ్లనూ చూశాను. అది క్రూరమైన మాట. బైబిలు చదివినవాళ్ల నోట రాకూడని మాట.

బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి అతని స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి, అతని పక్కన ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చున్నారు. ఒక్కరూ పెదవి కదపలేదు. ఆ ముగ్గురూ చేసిన మేలు అదొక్కటే. నోరు విప్పాక కారణాలు వెతికారు, నువ్వేదో పాపం చేసే ఉంటావన్నారు. యోబు మాత్రం తాను పుట్టిన రోజును శపించాడు, దేవుణ్ణే నిలదీశాడు. తీరా చివరి అధ్యాయంలో దేవుని కోపం ఎవరి మీద రగిలింది? ఆయన్ను వెనకేసుకొచ్చిన ముగ్గురి మీద! తనను నిలదీసినవాడే తన గురించి సరిగ్గా మాట్లాడాడని దేవుడు తీర్పు చెప్పాడు. ఏడుస్తూ ఎందుకని అడిగే విశ్వాసిని మందలించబోయే ముందు ఆ అధ్యాయం ఒకసారి చదవండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, స్తుతివైపు తిరగనే తిరగదు. మన కూడికల్లో దాన్ని చదవగా నేను వినడం అరుదు.

బేతనియలో మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే ఫిర్యాదు చేశారు: మీరిక్కడ ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాదని. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ ఏడుపు చూసి తానూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. కాసేపట్లో ఆ సోదరుణ్ణి, లాజరును, లేపబోతున్నానని తెలిసి కూడా! దుఃఖం ఒకటే అయినా మనిషిని బట్టి ఆదరణ మారింది. వాక్యం కావాలో, పక్కన కూర్చునే మనిషి కావాలో ముందు కనిపెట్టాలి.

కొన్నిసార్లు కావలసింది కూలి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. తెలుగు బోధకులు ఆ తవ్వకం దగ్గరే ఉండి, జనం అలుపు తీర్చుకునే వేళ వాళ్లతో మాట్లాడేవారు. తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చాలామంది ఈ సంఖ్యనే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆయన బాప్తిస్మాలు ఆపిన ఆ నెలలే గొప్పగా తోస్తాయి.

ఇంకొక్క మాట. ప్రార్థన చేశాం కదా, మందులు మానేయమని ఎవరికీ చెప్పకండి. మనసు కుంగి మాత్రలు వాడేవాళ్లకు అసలే చెప్పకండి. తన శరీరంలో ముల్లు తొలగకపోయినా పౌలు తిమోతికి కడుపు జబ్బుకు వైద్యం చెప్పాడు. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడే.

మళ్లీ ఆదరణ కూడిక జరిగిన ఆ ఇంటి దగ్గరికి వస్తే, నెల తిరిగేసరికి అక్కడికి వచ్చేవాళ్లు ఉండరు. అప్పుడే మరణ ధ్రువీకరణ పత్రం, వితంతు పింఛను, బ్యాంకు ఖాతా, పిల్లల ఫీజులు అన్నీ మీద పడతాయి. ఆ కాగితాలు పట్టుకుని ఆవిడతో పాటు ఆఫీసులకు తిరగడానికి ప్రతి సంఘమూ చదువుకున్న యువతీయువకుల్ని ఇద్దర్ని నియమించాలని, వాళ్ల పేర్లు కాపరిగారు ఆదివారం ప్రకటనల్లోనే చదవాలని నా మనవి.