విమానములో కడుగని రీలు

(మన పాఠశాల ఛాయాచిత్ర బృందము అండమాను యాత్రకు బయలుదేరుటకు ముందు చేసిన ప్రసంగము)

 

వచ్చు నెలలో మీలో పదునలుగురు చెన్నపురిలో విమానమెక్కి అండమాను దీవులకు పోవుచున్నారు. అచ్చటి శ్రీ విజయపురములో (2024 వరకు ఆ ఊరికి పోర్ట్ బ్లెయిర్ అని పేరు) మనవలెనే పుట్టినగడ్డకు దూరముగా ఇండ్లు కట్టుకొన్న తెలుగు కుటుంబములు పెక్కు గలవు. ఆ ఇండ్లను, ఆ వృద్ధులను ఛాయాచిత్రములలో పట్టి తెచ్చుట మీ పని. అందులకు మీరు కొనిపోవునవి ఫోనులు కావు. తాతల పెట్టెలలోనుండి వెలికితీసిన మూడు పాత కెమెరాలును, పది రీళ్లును. కెమెరా పట్టు విధము మీకు నేర్పినవారు వేరుగా నున్నారు. రీళ్లను విమానాశ్రయము దాటించి క్షేమముగా ఇల్లు చేర్చు విధము చెప్పుమని మమ్ము కోరినారు. ఈ విషయమున మాకు గల అర్హత యొక్కటియే. మేము రెండు రీళ్లను పాడుచేసికొన్నవారము.

ఆ కథ ముందుగా చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మేము మలేషియాకు పోయితిమి. ఆంగ్లేయుల కాలమున అచ్చటి రబ్బరు తోటలకును, కొబ్బరి తోటలకును కూలికి పోయిన తెలుగువారి సంతతి నేటికిని ఆ దేశమున నున్నది. మా దూరపు బంధువుల యింట తొంబది యేండ్లు దాటిన అవ్వ యొకతె యుండెను. ఆమె తల్లి ఓడ దిగిననాడు తెచ్చిన రేకుపెట్టె ఆమె మంచము క్రిందనే యుండెను. ఒకనాటి ఉదయము అవ్వ ఆ పెట్టెను తెరచి, ఒక్కొక్క వస్తువును పైకి తీయుచు, ఇది మా అమ్మది, ఇది మా అమ్మమ్మది యని చూపసాగెను. కిటికీలోనుండి ఎండ ఆమె చేతులమీద పడుచుండెను. మేము రెండు రీళ్లు పూర్తిగా తీసితిమి. తిరుగు ప్రయాణమునాడు, ఎవరు చెప్పిన బుద్ధియో గాని, భద్రముగా నుండునని తలచి వానిని పంచెల మడతలలో చుట్టి, పెద్ద పెట్టెలో పెట్టి, తాళము వేసి విమానసంస్థవారికి అప్పగించితిమి. తాళము దొంగకు అడ్డుగాని, ఎక్స్ కిరణములకు అడ్డగునా?

త్రోవలో రెండుచోట్ల విమానము మారితిమి. ఇల్లు చేరి రీళ్లను కడిగించి చూడగా, ప్రతి బొమ్మమీదను బొటనవ్రేలి వెడల్పున తెల్లని చారలు చెరువునీటి అలలవలె వంకరలు తిరిగి వ్యాపించి యుండెను. అవ్వ ముఖమున్నచోట చార. పెట్టె యున్నచోట మసక. ఒక బొమ్మలో మాత్రము ఆమె కుడిచేయి స్పష్టముగా నిలిచినది. మరల పోయి తీయుదమని అనుకొంటిమి. మరుసటి సంవత్సరమే ఆమె గతించినది. పెట్టెలోని వస్తువులను మనుమలు పంచుకొన్నారు.

ఆ చారలు ఎట్లు పడెనో తరువాత గ్రంథములు తిరుగవేసి తెలిసికొంటిమి. ఫిలిము పైపూతలో, జెలటిన్ అను జిగురు నడుమ, వెండి లవణముల సన్నని రేణువులు గలవు. వెలుతురు తాకిన రేణువులో మన కంటికి కానరాని మార్పు కలుగును. మందునీటిలో కడిగినప్పుడే ఆ మార్పు నల్లని వెండిగా బయటపడును. కడుగనంతవరకు ఆ బొమ్మ ఉండియు లేనట్టిది. అయితే ఆ రేణువులకు వెలుతురన్నను, ఎక్స్ కిరణమన్నను భేదము లేదు. రెంటికిని అవి ఒకే విధముగా లొంగును. ఇది క్రొత్త సంగతి కాదు. 1895లో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొన్నప్పుడు తన భార్య చేతి ఎముకలను చూపినది ఛాయాచిత్ర ఫలకముమీదనే. నాడు శాస్త్రమునకు ఉపకరించిన ఆ గుణమే నేడు మన రీళ్లకు శత్రువైనది. కడిగి ముగించిన నెగెటివులలో మార్పు చెందదగిన లవణము మిగులదు గనుక వానికి ఈ భయము లేదు. వానిని ఏ యంత్రములోనైనను నిర్భయముగా పంపవచ్చును.

చారలు అలలవలె నుండుటకును కారణమున్నది. రీలు చుట్టగా నుండును గదా! సన్నని కిరణధార ఆ చుట్టను ఒకచోట కోసికొనిపోయినచో, చుట్ట విప్పినప్పుడు ఆ యొక్క దెబ్బయే వరుసగా, వంకరలుగా కనబడును.

ఇక యంత్రముల మాట. అప్పగించు సామానును పరీక్షించు యంత్రములు మిగుల బలమైనవి. వానిలో కొన్ని మొదట పెట్టెనంతయు పరికించి, అనుమానము తోచినచోట తీవ్రమైన సన్నని కిరణముతో మరల శోధించును. వానిని చూచి మేమును మొదట కోపగించితిమి. కాని 1985 జూన్ 23న ఎయిరిండియా వారి కనిష్క విమానము అట్లాంటిక్ సముద్రముమీద పేలిపోయి 329 మంది మరణించినది, యజమాని విమానమెక్కక పెట్టెను మాత్రము ఎక్కించిన బాంబు వలననే. ఆ సంగతి తలచినప్పుడు యంత్రము మీది కోపము నిలువదు. నేర్చుకొనవలసినది మనము. కడుగని రీలును అప్పగించు సామానులో ఎన్నడును పెట్టరాదు. ఈ యొక్క మాట తప్ప తక్కినవన్నియు మరచినను మేము బాధపడము.

చేతిసంచి పరీక్షలో రెండు తెగల యంత్రములున్నవి. పాతదానిలో పట్టీమీద సంచి కదలుచుండగా పలుచని కిరణములు దానిని ఒకసారి దాటిపోవును. సాధారణమైన ఫిలిము, అనగా ఐఎస్ఓ 100 గాని 400 గాని గలది, ఒకటి రెండు పర్యాయములకు కంటికి తెలియునంతగా చెడదు. అయితే ఈ హాని కూడుకొనుచు పోవునది. నేటి దెబ్బ నేటితో పోదు, రేపటిదానితో కలియును. 3200 వంటి మిక్కిలి చురుకైన ఫిలిమునకు పాత యంత్రము సయితము కూడదు.

క్రొత్త యంత్రము వైద్యశాలలోని సి.టి. స్కానువంటిది. కిరణనాళము సంచిచుట్టును తిరుగుచు నలువైపులనుండి చిత్రములు తీయును. అందుచేత ఫిలిముమీద పడు కిరణములు పాతదానికంటె అనేక రెట్లు. ఒక్కసారి పోయినను చెడునని కొడాక్, ఇల్ఫర్డు సంస్థలవారు ఇద్దరును హెచ్చరించినారు. ఐరోపా, అమెరికా దేశముల విమానాశ్రయములలో ఇవి విస్తరించినవి. మన దేశములోను ప్రవేశించుచున్నవి. నిన్న పాతది యున్నచోట నేడు క్రొత్తది యుండవచ్చును గనుక, వెనుక పోయివచ్చినవారి మాట నమ్మి పోరాదు. దానిని గుర్తించుట కొక ఉపాయమున్నది. సంచిలోని కంప్యూటరును వెలికి తీయనక్కరలేదని సిబ్బంది చెప్పినచో, అది క్రొత్త యంత్రమని యెంచి జాగ్రత్తపడుడు. గోడమీద 800 వరకు ఫిలిమునకు భయములేదని వ్రాసియున్నను నమ్మకుడు. ఆ పలక పాత యంత్రముతోకూడ వచ్చినదై, యంత్రము మారినను తాను మారక నిలిచియుండవచ్చును. మనుష్యులు నడచిపోవు లోహద్వారము మాత్రము ఫిలిము నేమియు చేయదు.

కావున మీరు చేయవలసినది చేతితో పరీక్షింపుమని అడుగుట. అమెరికాలో భద్రతాశాఖవారే అట్లు అడుగుమని ప్రయాణికులకు సలహా చెప్పుచున్నారు. మన దేశమున అది అచ్చట నున్న అధికారి విచక్షణనుబట్టి యుండును. అందుచేత అడుగు తీరు ముఖ్యము. సంచిని పట్టీమీద పెట్టిన పిదప అడిగిన లాభము లేదు, ముందే అడుగవలెను. రీళ్లను అట్టపెట్టెలనుండి, నల్లని డబ్బీలనుండి తీసి, లోని వస్తువు కనబడు ప్లాస్టికు సంచిలో నుంచుడు. కెమెరాలో రీలు ఉంచకుడు. ఎవరైనను అనుమానించి వెనుక మూత తెరచినచో ఆ రీలు అంతటితో సరి. వరుసలో మీ వెనుకనున్నవారికి విసుగు కలుగకుండ ఒక గంట ముందుగా పొండు.

ఏ భాషలో అడుగవలెనని మీకు సందేహము రావచ్చును. పెక్కు విమానాశ్రయములలో కాపుండు కేంద్ర పారిశ్రామిక భద్రతాదళములో అన్ని రాష్ట్రములవారును గలరు. హిందీ నాలుగు ముక్కలు, ఆంగ్లము నాలుగు ముక్కలు చాలును. ఇంట నొక భాష, వీథిలో నొక భాష, బడిలో వేరొక భాష మాటలాడుచు పెరిగిన మనకు పరభాషలో వినయముగా అడుగుట క్రొత్త విద్య కాదు.

మలేషియా కథ జరిగిన పిదప మరియొక ప్రయాణమున మేమిట్లే అడిగితిమి. ఆ అధికారి యువకుడు. మన విద్యార్థులకంటె ఐదారేండ్లు పెద్దవాడై యుండును. రీలును చేతిలో త్రిప్పిచూచి, ఇవి బ్యాటరీలా యని అడిగెను. అతడు ఫిలిమును చూచుట అదియే మొదలట! మేము సంగతి చెప్పగా నవ్వి, ప్రతి రీలును గుడ్డపీలికతో తుడిచి, ఆ పీలికను యంత్రములో పరీక్షించి, ఎనిమిదింటిని లెక్కించి ఇచ్చెను. అంతయు నాలుగు నిమిషముల పని.

అన్నిచోట్ల అట్లు జరుగదు. కాదన్నచో వాదింపకుడు. పై అధికారితో ఒక మాట చెప్పుకొనుటకు అనుమతి వేడుడు. అప్పటికిని కాదన్నచో యంత్రము ఏ తెగదో చూడుడు. పాతదైనచో మీ 400 ఫిలిము పోవుటకొకసారి, వచ్చుటకొకసారి తట్టుకొనును. క్రొత్తదై, పోవునప్పుడే చిక్కు వచ్చినచో ఖాళీ రీళ్లే గదా, సాగనంపుటకు వచ్చినవారి చేతికిచ్చి పొండు. వచ్చునప్పుడు చిక్కు వచ్చుటయే కష్టము. అందుచేతనే తీసిన రీళ్లను విమానమెక్కకముందే అచ్చట కడుగగలమా యని విచారించుచున్నాము. నలుపు తెలుపు ఫిలిము కడుగుట మీకు వచ్చును; మందులను విమానములో కొనిపోవుట మరియొక చిక్కు. తపాలాలో పంపుదమన్నచో ఆ కట్టలనుగూడ ఎక్స్ కిరణములతో పరీక్షింతురు. సీసపు సంచి మాటయు కొందరడిగినారు. యంత్రపు తెరమీద అది నల్లని మచ్చగా కనబడి అనుమానమును పెంచును. సంచి విప్పింపక మానరు.

ఒకప్పుడు మన ఉదకమండలములోనే, 1960లో స్థాపింపబడిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారమున, ఇందు అను పేరుతో ఫిలిము తయారగుచుండెను. పాడైనచో మరియొకటి కొనుట నాడు సులభము. ఆ కర్మాగారము మూతపడినది. మీ పది రీళ్లును విదేశములనుండి వచ్చినవే. వాని వెల సంఘపు పద్దులో వ్రాసియున్నది, కోశాధికారి గారు మీకు చదివి వినిపింతురు.

శుక్రవారము సాయంకాలము రీళ్లను, కెమెరాలను తీసికొనిరండు. ఈ బల్లనే పట్టీగా నెంచి, మీలో ఒకరు అధికారియై, తక్కినవారు అడిగి చూడవలెను. అవ్వ బొమ్మలున్న ఆ రెండు రీళ్లను కూడ తెచ్చి ఇచ్చట ఉంచితిమి. చేతులు తుడుచుకొని, అంచులు మాత్రమే పట్టుకొని, కిటికీ వెలుతురునకు ఎత్తి చూడుడు. కుడిచేయి కనబడునది రెండవ రీలులో పదునేడవ బొమ్మ.