పక్షవాతము: ముందు హెచ్చరికలు



మన మెడకు ఇరుప్రక్కల నున్న రక్తనాళములు మెదడునకు నెత్తురు నందించును. రక్తపుపోటు, మధుమేహము, చుట్ట, బీడీల వలన వానిలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకగును. అచ్చట పేరిన నెత్తురుగడ్డ తెగి మెదడున చిక్కుకొన్నచో పక్షవాతము వచ్చును.

మూతి వంకరపోవుట, ఒక చేయి పట్టు దప్పుట, మాట ముద్దయగుట, ఒక కంటిచూపు హఠాత్తుగా పోవుట దీని గుర్తులు. నిమిషములలో సర్దుకొన్నను ఊరకుండరాదు. అది రాబోవు ముప్పునకు హెచ్చరిక. అట్టివారి మెడనాళములను వైద్యులు అల్ట్రాసౌండుతో పరీక్షింతురు. సూది లేదు, కోత లేదు. ధ్వనితరంగములే ఇరుకును చూపును.

గడ్డను కరిగించు మందును సాధారణముగా 4½ గంటలలోపున ఈయవలెను. కావున నాటుమందులతో కాలము గడపక, లక్షణములు మొదలైన వేళను గుర్తించి, 108కి ఫోను చేసి, రోగిని సి.టి. స్కాను గల ఆసుపత్రికి చేర్పింతము. ఈ గుర్తులను పంచాయతీ గోడపై వ్రాయింతము.