డబ్బా, రెండు ప్యానెళ్ళు, ఒక ఎర్త్ వైరు

(స్వర్ణోత్సవాల సందర్భంగా మన పాఠశాల సైన్సు గదిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. ఉపన్యాసం ఇస్తే నిద్రపోతారని భయపడి, బదులుగా ఈ డబ్బా తెచ్చాను. ఇది మన సైన్సు గది కోసం ఇంట్లో చేసిన పవర్ సప్లై. 230 వోల్టుల కరెంటు తీసుకుని 0 నుంచి 12 వోల్టుల డి.సి. ఇస్తుంది. కొన్నేళ్ళ కిందట ఇలాంటిదే ఒకటి ఇచ్చాను. అందులో ఒక తప్పు చేశాను. ఆ తప్పు గురించే ఈ పది నిమిషాలూ.

ప్లాస్టిక్ డబ్బా బజారులో దొరుకుతుంది. దానికి ముందు ఒక గాడి, వెనక ఒక గాడి ఉంటాయి. వాటిలో ప్లాస్టిక్ పలకలు వస్తాయి. నేను వాటిని తీసేసి అల్యూమినియం ప్యానెళ్ళు పెట్టాలనుకున్నాను. చూడ్డానికి బాగుంటుంది, స్విచ్చీ నాబ్బూ గట్టిగా నిలబడతాయి. వినడానికి తేలికే. కానీ సర్క్యూట్ ఒక్క ఆదివారంలో అయిపోయింది, ప్యానెళ్ళకు మూడు వారాలు పట్టింది.

మొదటి ప్యానెల్ గాడిలో దూరలేదు. గాడి వెడల్పు 2 మిల్లీమీటర్లు, నా రేకు కూడా 2 మిల్లీమీటర్లే. దాని మీద పౌడర్ కోటింగ్ వేయించాను. ఆ పూత ఒక్కో వైపు 0.06 నుంచి 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. రెండు వైపులా కలిపితే రేకు లావెక్కింది. అప్పటి నుంచి గాడి కన్నా పలచని రేకే తీసుకుంటున్నాను. 2 మిల్లీమీటర్ల గాడికి 1.5 మిల్లీమీటర్ల రేకు చాలు.

రెండో ప్యానెల్ దూరింది. కానీ అయిదు బెజ్జాల్లో చివరిది పక్కకు పోయింది. ఒక బెజ్జం నుంచి తరవాతి బెజ్జానికి కొలుచుకుంటూ పోయాను. కొలత కొలతకూ అర మిల్లీమీటరు ఒకే వైపు జరిగితే అయిదో బెజ్జానికి రెండున్నర మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మన క్రాఫ్ట్ మాస్టారు చెక్కపని నేర్పుతూ ఏం చెప్పేవారో అప్పుడు గుర్తొచ్చింది: "ఒరే, అన్నిటినీ ఒకే అంచు నుంచి కొలవండ్రా." అలా కొలిస్తే ఏ బెజ్జం తప్పు ఆ బెజ్జానిదే, పక్కదానికి అంటుకోదు. ఎనిమిదో తరగతిలో విన్న మాట, నలభై ఏళ్ళు దాటాక పనికొచ్చింది.

మూడోసారి ముందు కాగితం మీద గీశాను. అసలు సైజులో ప్రింటు తీసి, అందులో 100 మిల్లీమీటర్ల గీతను స్కేలుతో సరిచూశాను. ప్రింటరు కొన్నిసార్లు చెప్పకుండానే బొమ్మను కుదిస్తుంది. ఆ కాగితాన్ని అట్టకు అంటించి, కత్తిరించి, గాడిలో పెట్టి చూశాకే లేజర్ కటింగ్ షాపుకు వెళ్ళాను. పిల్లలూ, అట్ట పాడైతే పది నిమిషాలే పోతాయి. వెనక ప్యానెల్ బొమ్మ గీసేటప్పుడు బయటి నుంచి చూస్తున్నామా, లోపలి నుంచా అన్నది బొమ్మ మీదే రాసుకోండి. లేకపోతే కుడిది ఎడమకు వస్తుంది.

ఈసారి పౌడర్ కోటింగ్ మానేసి నల్లగా ఆనోడైజింగ్ చేయించాను. చాలా పలచని పూత. గాడిలోకి సాఫీగా జారింది. డబ్బా కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది. తెచ్చి మన ఫిజిక్స్ మాస్టారి చేతిలో పెట్టాను. ఫొటో కూడా దిగాం.

రెండు నెలల తరవాత మాస్టారు ఫోన్ చేశారు. "నీ డబ్బా వెనక బోల్టులు తాకితే జివ్వుమంటోందిరా."

ఆ ఆదివారమే బయల్దేరి వచ్చాను. డబ్బా ఈ బీరువాలోనే ఉంది. దాని మీద మాస్టారి అక్షరాలతో ఒక చీటీ: "వాడరాదు." విప్పి, మీటరు పెట్టి చూశాను. ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకూ వెనక ప్యానెల్‌కు బిగించిన బోల్టులకూ మధ్య అసలు కనెక్షనే లేదు.

కారణం ఆ అందమైన పూతే. అల్యూమినియం కరెంటును బాగా మోస్తుంది. కానీ ఆనోడైజింగ్ పొర అల్యూమినియం ఆక్సైడ్. అది కరెంటును పోనివ్వదు. పైగా బెజ్జాలు పెట్టాకే పూత వేయించాను కనుక బెజ్జాల లోపలి అంచులకు కూడా పూత ఎక్కింది. నేను ఎర్త్ వైరును ప్యానెల్‌కు ఒక చోట బిగించాను, ఎస్.ఎం.పి.ఎస్. యూనిట్‌ను ఇంకోచోట బిగించాను. ప్యానెల్ లోహమే కదా, మధ్యలో అదే కలుపుతుందనుకున్నాను. అది కలపలేదు.

ఎస్.ఎం.పి.ఎస్. లోపల ఫేజుకూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. వాటి గుండా వచ్చే కరెంటు చాలా తక్కువ కనుక జివ్వుమని ఊరుకుంది. రెండు పిన్నుల ఛార్జరు పెట్టిన లాప్‌టాప్ లోహపు అంచు తాకితే అనిపించేది ఇదే.

కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లోపల ఫేజు వైరు ఒకటి ఊడి ఆ బాడీకి తగిలి ఉంటే? ఎర్త్ సరిగ్గా ఉంటే పెద్ద కరెంటు ప్రవహించి ఫ్యూజు పోతుంది. ఎర్త్ లేదు కనుక ఫ్యూజు పోదు. 230 వోల్టులూ ఆ బోల్టు మీద కూర్చుని, తాకే చేతి కోసం ఎదురుచూస్తాయి. ఈ గదిలో ఆ చెయ్యి ఎవరిదవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడీ కొత్త డబ్బా మూత తీస్తున్నాను, చూడండి. ప్యానెల్ మీద ఎర్త్ బిగించే చోట పూతను మెరిసే లోహం కనబడే దాకా గీకేశాను. రింగు టెర్మినల్, పళ్ళున్న వాషరు, నట్టు, దాని మీద వదులు కాకుండా ఇంకో నట్టు. ఆ బోల్టుకు ఎర్త్ తప్ప మరే పనీ అప్పగించలేదు. ముందు ప్యానెల్‌కు వేరే వైరు, వెనక ప్యానెల్‌కు వేరే వైరు, ఎస్.ఎం.పి.ఎస్.కు వేరే వైరు. ప్లాస్టిక్ గాడిలో ఉన్న రెండు ప్యానెళ్ళకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదని గుర్తుంచుకోండి. ప్యానెల్ బయటికి లాగినా తెగకుండా వైర్లకు కాస్త పొడవు వదిలాను.

ఆ రోజు మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. టీ తెప్పించి, "చీటీ తీసెయ్యనా, ఇంకా ఉంచనా?" అని మాత్రం అడిగారు. ఉంచమన్నాను. సరిచేసినా దాన్ని మళ్ళీ పిల్లల చేతికివ్వడానికి మనసొప్పలేదు.

అందుకే ఈ కొత్తది. దీన్ని నేను తయారుచేశాను కదా అని నమ్మకండి. మీటరు కూడా తెచ్చాను. పదో తరగతి నుంచి ఇద్దరు ముందుకు రండమ్మా. ప్లగ్గును గోడ సాకెట్లో పెట్టకుండానే ఎర్త్ పిన్నుకు ఒక కొస పెట్టండి. రెండో కొసతో ముందు ప్యానెల్, వెనక ప్యానెల్, ప్రతి బోల్టూ తాకి చూడండి. నల్ల పూత మీద కాదు, గీకిన చోట. అన్నిటికీ మీటరు సున్నాకు దగ్గరగా చూపిస్తే మాస్టారికి చెప్పండి. ఒక్కటి చూపించకపోయినా ఇది నాతో పాటు ఇంటికొచ్చేస్తుంది.